క్యారియర్ ఉందాండి?

గోదావరి డెల్టాలో సైకిల్ గురించి కబుర్లు మొదలెట్టాలంటే ముందు ఒక మాట చెప్పుకోవాలండి. ఇది ఎన్నికల గుర్తు సంగతి కాదు. నాలుగు దశాబ్దాలుగా మన వైపు ఎవరైనా సైకిల్‌ని మెచ్చుకుంటే చాలు, ఎదుటాయన కళ్లు చిట్లించి, “అయితే తమరూ అటేనన్నమాట” అంటాడు. నేను మాట్లాడేది కాలితో తొక్కే సైకిల్ గురించే. తమరు ఎటైనా ఉండండి. టీ పెట్టించుకుని కూర్చోండి, తొందరేం లేదు.

ఈమధ్య టౌను షోరూముల్లో సైకిళ్లకి నానా పేర్లు వచ్చాయి. రోడ్ బైకట, మౌంటెన్ బైకట, హైబ్రిడ్డట, ఫ్యాట్ బైకట. విని బెంగపడక్కర్లేదు. టైరు ఎంత లావు, హ్యాండిల్ ఎంత కిందకి, గేర్లు ఎన్ని అన్న మూడు సంగతులు తెలిస్తే చాలు, సగం గుట్టు తెలిసిపోయినట్టే. సన్నటి టైరులో రాయిలా గాలి కొట్టి, నడుం వంచి హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని తొక్కేది రోడ్ బైకు. తారురోడ్డు మీద దానికి ఎదురులేదు, గుంతలో పడితే మటుకు మన వెన్నుపూసలన్నీ పేరుపేరునా పలుకుతాయి. రెండంగుళాల లావు టైరు, దాని మీద ముళ్లలాంటి గట్లు, ముందర షాకబ్జర్లు ఉంటే మౌంటెన్ బైకు. రెండింటికీ మధ్యస్తంగా, నిటారుగా కూర్చుని తొక్కేది హైబ్రిడ్డు. నాలుగంగుళాల టైరుతో ఇసకలోనూ మంచులోనూ పోయేది ఫ్యాట్ బైకు. మనకి మంచు ఎలాగూ లేదు, ఇసక కావాలంటే అంతర్వేది దాకా పోవాలి.

ఇవన్నీ కంపెనీవాళ్లు పెట్టిన తేడాలు. మన డెల్టాలో మాత్రం సైకిల్ ఏ రకమో తెలియాలంటే వెనక్కి వెళ్లి క్యారియర్ మీద ఏం ఎక్కిందో చూడాలి. బండి అందరిదీ ఒకటే, నల్లటి పెద్ద సైకిల్. అరటిగెల ఎక్కితే అది రైతు సైకిల్, క్యాన్లు ఎక్కితే పాలాయన సైకిల్, ఐసు డబ్బా ఎక్కితే పిల్లల సైకిల్. ఇంగ్లండులో దొరలు షికారుకి తయారుచేసుకున్న బండిని తీసుకొచ్చి, ఎడ్లబండికీ మనిషి భుజానికీ మధ్య ఉన్న ఖాళీలో నిలబెట్టింది మనవాళ్లే.

ఆ నల్ల సైకిల్ సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. మొదట్లో రాలీ, హెర్క్యులస్, బీఎస్ఏ అన్నీ ఓడలెక్కి వచ్చేవి. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో టీఐ సైకిల్స్ పెట్టారు. 1951లో సోనీపట్‌లో అట్లాస్, తరవాత అసన్సోల్‌లో సేన్‌రాలీ, 1956లో లూధియానాలో హీరో. హీరో వాళ్లయితే 1986కల్లా ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. పేర్లు ఎన్నున్నా నమూనా ఒకటే: 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళం టైరు, తీగలకి బదులు ఇనప కమ్మీలతో పనిచేసే బ్రేకులు, చక్రాన్ని నేల మీంచి పైకెత్తి నిలబెట్టే స్టాండు. బరువు ఇరవై కిలోల చిల్లర. పెడల్ దగ్గరి చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్ల పైనే ముందుకు పోతుంది. గేర్లు లేవు. ఎత్తుపల్లాల్లేని నేలకి ఆ లెక్క అతికినట్టు సరిపోయింది.

నేల సంగతి వచ్చింది కాబట్టి కాటన్ దొరని తలుచుకోకుండా ఎలా ఉంటాం? ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాంతోపాటు కాలవలు, కాలవలతోపాటు గట్లు. నేడు మనం తొక్కే సైకిల్‌కి మూలపురుషుడు, రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజున్న రోవర్ బండి, ఇంగ్లండులో పుట్టింది 1885లో. గాలి టైరు వచ్చింది 1888లో. అంటే సైకిల్ పుట్టడానికి ముప్పయ్యేళ్ల ముందే దానికి చదునైన దారులు వేసి, పక్కన నీళ్లు పారించి, చెట్లనీడ కూడా సిద్ధం చేసి పెట్టారన్నమాట. కాటన్ దొరకి ఈ ఉద్దేశం లేదనుకోండి. అయినా గట్టు మీద సైకిల్ తొక్కిన ఎవరికైనా ఇది పంటకాలవ పక్కదారి అనిపించదు, మనకోసమే వేశారనిపిస్తుంది.

ఇలాంటి నేలే ఉన్న దేశం హాలెండు. అదీ డెల్టానే, అక్కడా గట్లే, కాలవలే. అక్కడివాళ్లూ గేర్ల జోలికి పెద్దగా పోకుండా నిటారుగా కూర్చుని తొక్కే నల్ల సైకిల్‌నే తరతరాలుగా వాడుకున్నారు. ఆ డచ్చివాళ్లు మన పాలకొల్లులో 17వ శతాబ్దంలోనే వర్తకస్థావరం పెట్టారు. బట్టలు కొనుక్కుపోయారు గానీ మనకి సైకిల్ ఇచ్చి పోలేదు. అప్పటికి అది పుట్టనే లేదు లెండి, వాళ్లననుకుని ఏం లాభం!

సరే, క్యారియర్ దగ్గరికొద్దాం. తమరెప్పుడైనా తెల్లారగట్ల రావులపాలెం అరటి మార్కెట్ వైపు వెళ్లారా? లంకల నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ గెలలు సైకిళ్ల మీద వచ్చే వేళ అది. పెళ్లి పందిరే లేచి నడిచొస్తున్నట్టుంటుంది. కొంచెం దగ్గరికెళ్లి చూస్తే ఆ కట్టడంలో పనితనం తెలుస్తుంది. క్యారియర్‌కి అడ్డంగా ఒక గట్టి కర్ర. కర్రకి అటూ ఇటూ సమంగా గెలలు, కాడలు పైకి వచ్చేలా. గెలకీ గెలకీ మధ్య ఎండుటాకులు, కాయ మీద మచ్చ పడితే బేరంలో కోసేస్తారు కాబట్టి. అన్నిటినీ కలిపి బిగించేది పాత ట్యూబు చీల్చిన రబ్బరు పట్టీ. తాడైతే కుదుపుకి వదులవుతుంది, రబ్బరు సాగి మళ్లీ పట్టుకుంటుంది. ఇక కర్పూరమా, చక్కెరకేళా, బొంతా అన్నదాన్ని బట్టి గెల బరువు మారుతుంది; ఎడమవైపు ఒక్క గెల ఎక్కువైనా హ్యాండిల్ అటే లాగేస్తుంది. బరువు మరీ పెరిగితే రైతు సీటు ఎక్కడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి పక్కనే నడుస్తాడు. అప్పుడు సైకిల్ వాహనం పని మానేసి తోపుడుబండి పని చేస్తుంది. ఈ పనికి ఏ కంపెనీ ఏ బండీ తయారుచెయ్యలేదు. ఊళ్లో వెల్డింగు షాపాయన క్యారియర్‌కి రెండు కమ్మీలు అదనంగా అతికి తయారుచేశాడు.

కోనసీమలో కొబ్బరికాయలదీ ఇదే పద్ధతి. 75 కిలోల ధాన్యం బస్తా, తన బరువుకి మూడింతలకి పైగా, ఈ సైకిల్ మోసేది. పాలాయన క్యాన్లు క్యారియర్‌కి రెండు పక్కలా కొక్కేలకి వేలాడతాయి. బరువు కిందకి దిగినకొద్దీ బండి నిలకడగా ఉంటుందని ఆయనకి ఎవరూ పాఠం చెప్పలేదు. చేపలాయన బుట్ట పోయి ప్లాస్టిక్ ట్రే వచ్చింది, ట్రేలో ఐసు ముక్కలు వచ్చాయి. (పులస మటుకు సైకిలెక్కదు. దాని రేటుకి అది కారులోనే తిరుగుతుంది.) పుల్లైసు అబ్బాయి డబ్బా మూత టపటపా కొడితే మధ్యాహ్నం నిద్ర పట్టిన పెద్దలందరూ తిట్టుకునేవారు, పిల్లలు చిల్లర వెతుక్కునేవారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది కత్తులకి సానపట్టే అతని సైకిల్. వీధిలోకి తొక్కుకుంటూ వస్తాడు. స్టాండు వేసి, వెనక చక్రానికీ పైన బిగించిన సానరాయికీ ఒక బెల్టు తగిలిస్తాడు. సీటు మీద కూర్చుని మళ్లీ తొక్కుతాడు. బండి అంగుళం కదలదు, కత్తిపీట మీంచి నిప్పురవ్వలు లేస్తాయి. ఊరు చేర్చిందీ, ఊళ్లో పని చేసిపెట్టిందీ ఆ ఒక్క బండే.

లేడీస్ సైకిల్ దగ్గర మన మగవాళ్లకి కొంత మొహమాటం ఉంది. అడ్డబారు ఉండదు, దాని బదులు ఏటవాలు గొట్టాలు. ముందు బుట్ట, వెనక చక్రానికి ఓణీ చిక్కుకోకుండా వల. 2017లో బడికొస్తా పథకం కింద సర్కారు బళ్లలో చదివే ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. హైస్కూలు పక్కూళ్లో ఉన్న పిల్లకి ఆ బండి విలువ ఇంతని చెప్పలేం. అయితే చాటుగా దీన్ని ఇష్టపడేది పంచె కట్టుకునే పెద్దలు. అరవై దాటాక సీటు మీంచి కాలు తిప్పి ఎక్కడం ఎంత కష్టమో వాళ్లకి తెలుసు. పురోహితులు కొందరు ఏ మొహమాటమూ లేకుండా హాయిగా తొక్కుతారు. చిక్కల్లా బరువు దగ్గరే. అడ్డబారు లేని చట్రం బస్తా ఎక్కగానే మెలిపడినట్టు ఊగుతుంది. కూరగాయల సంచీకి సరే, ధాన్యానికి పనికిరాదు.

మొన్న రాజమండ్రిలో ఒక సైకిల్ షాపులో నిలబడ్డాను. పక్క పల్లెటూరి నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడి కళ్లన్నీ ఒక నారింజరంగు మౌంటెన్ బైకు మీదున్నాయి.

“గేర్లెన్నండి దీనికి?”

“ఇరవై ఒకటండి. ముందు మూడు, వెనక ఏడు.”

“ఇరవై ఒకటే! మా ఊళ్లో ఎత్తంటే రామాలయం అరుగేనండి. క్యారియర్ ఏదీ?”

“ఈ మోడల్‌కి రాదండి.”

“మరి గడ్డిమోపు?”

“నాన్నా!” అన్నాడు కుర్రాడు, నేల చీలితే బావుణ్ణన్నట్టు.

ఆ తండ్రి అడిగినదానిలో తప్పేం లేదు. ముందు మూడు, వెనక ఏడు గుణిస్తే లెక్కకి ఇరవై ఒకటే గానీ, వాటిలో చాలా గేర్ల బలం ఇంచుమించు ఒకటే. చదును నేల మీద వాడుకకి వచ్చేవి రెండో మూడో. తక్కువ ధర బళ్లలో షాకబ్జర్లు బరువు పెంచి, తొక్కినప్పుడల్లా కొంత ఊపు మింగేస్తాయి. లావు టైరు తారు మీద రొద పెడుతూ వెనక్కి లాగుతుంది. గేరు మార్చే చిన్న యంత్రం వెనక చక్రం పక్కన కిందకి వేలాడుతూ ఉంటుంది. చేలో బురద అందులోకి దూరితే మన ఊరి మెకానిక్కు తల గోక్కోవాల్సిందే. కుర్రాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కొత్తబళ్ల ట్యూబుకి మోటారుసైకిల్‌కి ఉండే వాల్వే ఉంటుంది, పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు. పాత బండికి ఆ సన్నటి వాల్ట్యూబు రబ్బరు ముక్క కత్తిరించి, ఉమ్ముతో తడిపి, పుల్లకి ఎక్కించే భాగోతం ఉండేది. అది చిట్లితే సరిగ్గా చీకటి పడేవేళ, ఊరవతల చిట్లేది.

డెల్టాలో కొండలు లేవు గానీ రెండు ఎదురుదెబ్బలున్నాయి, వంతెనా గాలీ. 1974లో రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు-రైలు వంతెన వచ్చాక రైలు పైన బస్సూ సైకిలూ కూడా గోదారి దాటాయి. రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కుడు దగ్గర గేర్లున్నవాడు కూర్చునే తొక్కుతాడు, నల్ల సైకిలాయన దిగి నడిపిస్తాడు. మధ్యలోకి వచ్చాక నది మీంచి కొట్టే గాలికి ఇద్దరూ ఒకటే. ఎదురుగాలిలో నిటారుగా కూర్చున్నవాడి చొక్కా తెరచాపవుతుంది; ఇక్కడే వంగి తొక్కే రోడ్ బైకు నెగ్గేది. పొద్దున్నే ధవళేశ్వరం బ్యారేజీ దాకా పోయి వచ్చే హెల్మెట్ల కుర్రాళ్లని చూసి నవ్వుకోకండి, వాళ్లు ఆ గాలితోనే పందెం వేస్తున్నారు. పంటు మీద నది దాటేటప్పుడు మాత్రం ఏ సైకిలైనా రాజే. నరసాపురం రేవులో కార్లు వరసలో నిలబడి ఉంటే మనం పక్కనుంచి తోసుకుంటూ ఎక్కేస్తాం.

కరెంటు సైకిల్ కూడా వచ్చేసింది. మోటారు 250 వాట్లకి మించకుండా, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకుండా ఉంటే దానికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మోకాళ్లు మొరాయించినవాళ్లకి ఇది వరమే. ఎదురుగాలి సంగతి అదే చూసుకుంటుంది. కాకపోతే వానాకాలం మోకాల్లోతు నీళ్లలో దించాలంటే గుండె దిటవు కావాలి.

నల్ల సైకిల్‌కి రోజులు దగ్గరపడ్డాయనే అంటున్నారు. సాహిబాబాద్‌లో అట్లాస్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. ప్రపంచ సైకిల్ దినోత్సవం ఆ రోజే! బరువులేమో మోపెడ్‌కీ ట్రాలీ ఆటోకీ మారిపోయాయి, అది మంచిదే. డెబ్బై అయిదు కిలోలు తోసిన భుజాన్ని అడిగితే తెలుస్తుంది, ఇందులో ముచ్చట ఎంతో, నొప్పి ఎంతో.

“అయితే ఏది కొనమంటారు?” అంటారా? ఊళ్లో పనికీ బజారుకీ అయితే నల్ల సైకిల్. మోకాళ్ల సంగతి చూసుకోవాలంటే లేడీస్ సైకిల్, మగవాళ్లయినా సరే. పొద్దున్నే వ్యాయామానికయితే గేర్లు కొద్దిగా ఉన్న హైబ్రిడ్డు. కుర్రాడు నారింజరంగుదే కావాలని భీష్మించుకుంటే కొనిపెట్టండి గానీ, కొనే ముందు వంగి వెనక ఇరుసు పక్కన చట్రానికి చిన్న బోల్టు కన్నాలున్నాయేమో చూడండి. ఉంటే క్యారియర్ విడిగా బిగించుకోవచ్చు. షాపాయన ఏమనుకుంటాడోనని చూడ్డం మానేశారో, ఇక కూరల సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని, మలుపు తిరిగినప్పుడల్లా ఆనపకాయ మోకాలికి కొట్టుకుంటూ ఇంటికి రావాలి.