పైపు ఇంకా అవసరమా, డాక్టరు గారూ?

బిట్రగుంట స్టేషన్‌లో రైలు దిగి, ఆటోలో తూర్పుకు పోతే సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె. బోగోలు మండలంలోని ఈ ఊరికి వచ్చేవాళ్లు ఎక్కువగా 2020లో శంకుస్థాపన జరిగిన ఫిషింగ్ హార్బర్ చూసిపోతారు. నేను వెళ్లింది ఐసీయూలో డయాలసిస్ చేయించుకుని బతికి బయటపడ్డ ఒక మత్స్యకారుణ్ని కలవడానికి.

వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడాయన. కుడికాలికి తొడదాకా బిగుతు మేజోడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో వలలు బాగుచేసుకుంటుంటే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి మింగాడు. ఒంట్లో నీరు తగ్గిపోయి ఉన్నప్పుడు నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీల మీద రెండో దెబ్బ పడుతుంది. మూత్రం ఆగిపోయింది. నెల్లూరు తీసుకెళ్లి ఐసీయూలో చేర్చారు.

"గజ్జల్లో పైపు పెట్టి రక్తం కడిగినారు సార్. నాలుగైదు మార్లకే మూత్రం పడింది. మావోళ్లు సంబరపడినారు. పైపు సంగతి ఎవురూ అడగలా, అది అట్నే ఉండిపోయింది. ఒకరోజు తెల్లారి చూస్తే కాలు దూలం మాదిరి వాచిపోయింది."

డాప్లర్ స్కాన్‌లో తొడ సిరలో రక్తం గడ్డ కనబడింది. మూడు నెలలు రక్తం పలచబరిచే మాత్రలు వాడమన్నారు. "గాలం గుచ్చుకున్నా, కత్తి గీసుకున్నా రక్తం తొందరగా ఆగదంట. మాత్రలు అయిపోయిందాకా పడవెక్కనీను" అని లోపల్నుంచే ఆయన భార్య తేల్చేసింది. కిడ్నీలు కోలుకున్నాయి గానీ వేట మొదలయ్యాక కూడా ఇంట్లో సంపాదన లేదు.

నెల్లూరుకు తిరిగొచ్చి, తెలిసిన డయాలసిస్ టెక్నీషియన్‌ను ఆ పైపు గురించి అడిగాను. వాడని పైపు (క్యాథెటర్) ఒకటి నా చేతికిచ్చాడు. లోపల రెండు దారులు. ఎర్ర క్లాంపు ఉన్న దారిలో రక్తం మిషన్‌కు పోతుంది, నీలం దారిలో శుభ్రపడి తిరిగొస్తుంది. నిమిషానికి రెండు మూడు వందల మిల్లీలీటర్లు లాగాలంటే పైపు లావుగా ఉండాల్సిందే. "ఆ లావే సిరలో రక్తానికి అడ్డమూ అవుతుంది సార్" అన్నాడు.

రక్తం గడ్డకట్టడానికి మూడు కారణాలున్నాయని 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు విర్చో పేరు మీద వైద్య విద్యార్థులు నేర్చుకుంటారు. సిర గోడకు గాయం, ప్రవాహం మందగించడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఐసీయూలో మూడూ ఒకే మంచం మీద కలుస్తాయి. పైపు గోడను రాస్తుంది, రోగి కదలకుండా పడి ఉంటాడు, తీవ్రమైన ఇన్ఫెక్షన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది. చాలా గడ్డలు పైకి తెలియవు. విరిగి ఊపిరితిత్తుల్లోకి పోయినప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

డయాలసిస్ అయ్యాక పైపులోని రెండు దారుల్లోనూ, రక్తం గడ్డకట్టనీయని హెపారిన్ గానీ సిట్రేట్ గానీ నింపి మూస్తారు. ఎంత నింపాలో పైపు మీదే అచ్చువేసి ఉంటుంది. హెపారిన్ ఎక్కువైతే ఒంట్లోకి పోయి రక్తస్రావానికి దారితీస్తుంది. అయితే ఆ మందు కాపాడేది పైపు లోపలి దారిని. బయట సిర గోడకు పట్టే గడ్డను ఆపడం దాని పని కాదు. అందరికీ హెపారిన్ ఎక్కించడమూ కుదరదు. రక్తపింజరి కాటు తిన్నవాళ్లనే తీసుకోండి: విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది, గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను కూడా ఖర్చుచేసేస్తుంది. అలాంటివాళ్లకు హెపారిన్ లేకుండానే, మధ్యమధ్య సెలైన్‌తో గొట్టాలు కడుగుతూ డయాలసిస్ చేస్తారు.

పైపు ఎక్కడ వేయాలో కిడ్నీ వైద్యంపై 2012 నాటి కేడిగో (KDIGO) అంతర్జాతీయ మార్గదర్శకాలు వరుస చెప్పాయి. ముందు కుడి మెడ సిర, తర్వాత గజ్జ, ఆ తర్వాత ఎడమ మెడ. కాలరు ఎముక కింది సిర ఆఖరుది, ఎందుకంటే అది ఇరుకైపోతే రేపు ఆ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఏర్పాటు) పెట్టడం కష్టమవుతుంది. చోటు ఏదైనా, రోజులు పెరిగేకొద్దీ గడ్డ ముప్పూ, ఇన్ఫెక్షన్ ముప్పూ పెరుగుతాయి.

ఆ పైపు లేకపోతే జువ్వలదిన్నెలో నాతో మాట్లాడిన మనిషి ఉండేవాడు కాదు. దాన్ని చూసి భయపడనక్కర్లేదు, మరచిపోకూడదంతే. మీవాళ్లెవరైనా ఐసీయూలో డయాలసిస్ మీద ఉంటే, రౌండ్స్‌కు వచ్చే డాక్టరును రోజూ ఒక్క మాట అడగండి: పైపు ఇంకా అవసరమా? ఒక కాలు, చెయ్యి, మెడ, ముఖం వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే నర్సుకు చెప్పండి. పైపును మీరుగా లాగొద్దు, ముట్టుకోవద్దు. కిడ్నీలు కోలుకోవని డాక్టర్లు తేల్చితే, ఫిస్టులా ఆపరేషన్ గురించి ఆ రోజే మాట్లాడండి. వాటం లేని చేతి సిరల్లో సూదులు గుచ్చనీయకండి. ఫిస్టులాకు ముందుగా చూసేది ఆ చెయ్యే.