తిన్నవా? హావ్ యు ఈటెన్?

నానమ్మ ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నవా బిడ్డా?" తిన్నా అంటే చాలు. పొద్దున తిన్నా అదే మాట, ఇప్పుడే తిన్నా అదే మాట. ఇంగ్లీషులో అట్లా కుదరదు. ఎప్పుడు తిన్నామో చెప్తే 'ఐ ఏట్'. టైమ్ చెప్పకుండా, కడుపు ఇంకా నిండుగానే ఉందంటే 'ఐ హావ్ ఈటెన్'. 'ఐ హావ్ ఈటెన్ ఎస్టర్‌డే' అంటే తప్పు. (అమెరికా వాళ్ళు చాలాసార్లు 'డిడ్ యు ఈట్?' అని మనలాగే కానిచ్చేస్తారు, అది వేరే సంగతి.) ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే అయినా నాకిది రూల్‌గానే తెలుసు.

మొన్న ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో ఫ్యామిలీ గురించి చెప్పమంటే 'మై గ్రాండ్‌ఫాదర్ హాజ్ లివ్డ్ ఇన్ చిలకలగూడ ఫర్ ఫార్టీ ఇయర్స్' అన్నాను.

"ఇంకా అక్కడే ఉంటున్నారా?" అన్నారు మేడమ్.

"లేరు మేడమ్. సంక్రాంతికి ముందే పోయారు."

"సారీ... అయితే 'లివ్డ్' అనాలి. 'హాజ్' బతికున్నవాళ్ళకే."

ఆమె తప్పేం చెప్పలేదు. నోట్‌బుక్‌లో ఆ 'హాజ్' కొట్టేయడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.

ఆ రాత్రి ఏదో మాటల్లో నానమ్మ "మీ తాత ఈ ఇంట్ల నలభై ఏండ్లు ఉన్నడు" అంది. ఉన్నడు అంటే అప్పుడు ఉన్నాడనీ అవుతుంది, ఇప్పుడు ఉన్నాడనీ అవుతుంది. ఏదని నేను అడగలేదు.

"తిన్నవా?" అంది.

తినలేదు. తిన్నా అన్నాను.