ఫీజు డబ్బులు, కిరాణా కొట్టు

బడికని ఇచ్చిన డబ్బు మిఠాయికి పోవాలంటే ముందు ఆ డబ్బు పిల్లల చేతికి రావాలి. ఆన్‌లైన్ చెల్లింపులు రాకముందు వనస్థలిపురంలో అలాగే వచ్చేది. హైదరాబాదులో విజయవాడ రహదారి పక్కన, ఎక్కువగా ప్రభుత్వోద్యోగుల ఇళ్లతో పెరిగిన కాలనీ ఇది. జీతాలు పడ్డాక పరీక్ష ఫీజు, నోటుపుస్తకాల డబ్బు, పిక్నిక్ చందా జామెట్రీ బాక్సులో దాక్కొని బడికి వెళ్లేవి. దారిలో కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన సీసాల్లో నిమ్మతొనలు, పల్లీపట్టీలు, ఆశ చాక్లెట్లు. బడి గేటు దగ్గర పీచుమిఠాయి, పుల్ల ఐసు.

ఫీజు లెక్కకు సరిపడా ఉంటే ముట్టుకోవడం కష్టం. రూపాయి తగ్గినా టీచరు వెనక్కి పంపుతుంది. చిక్కంతా చిల్లరతోనే. 40 రూపాయల ఫీజుకు 50 నోటు ఇస్తే, మిగిలిన పది ఎవరిదో ఇంకా తేలనట్టే ఉంటుంది. ‘టీచరు దగ్గర చిల్లర లేదంట, రేపిస్తానంది’ అనే అబద్ధం పుట్టేది అక్కడే. దాన్ని పట్టుకునేది చాలాసార్లు తల్లి కాదు, కొట్టాయన. రోజూ రూపాయి బిళ్లతో వచ్చేవాడు పెద్ద నోటు చాపితే ‘ఏడివిరా ఇవి? మీ నాయనకు ఎరుకేనా?’ అని అడిగేవాడు. బేరం పోయినా అడిగేవాడు, ఎందుకంటే ఆ ఇంటి నెల ఖాతా కూడా ఆయన దగ్గరే.

దీనికి బడుల్లో ఉన్న మందు సంచయిక అనే పొదుపు పథకం. పిల్లలే ఖాతాలు రాసి తోటిపిల్లల చిల్లర జమ చేసుకునేవారు. సెప్టెంబరు 15న సంచయిక దినం జరిపేవారు. నీతిబోధ కన్నా ఇది నయం. తినొద్దని అనదు, దాచుకున్నది అడిగితే తిరిగి ఇస్తుంది.

తిరిగి ఇస్తారన్న ఆ నమ్మకంలోనే కీలకమంతా ఉంది. ఇప్పుడే ఒక మిఠాయి, ఆగితే రెండు అంటూ వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరీక్ష పిల్లల నిగ్రహానికి కొలతగా పేరుపడింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం దాన్ని తిరగేసి చూసింది. బొమ్మలు వేసుకోవడానికి మంచి సామాను తెస్తామని మాట ఇచ్చి తెచ్చినవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలే. ‘జీతం రాగానే కొనిస్తా’ అన్న మాట నిలిచే ఇంట్లో పిల్లవాడు కొట్టు దాటి వెళ్లగలగడం వాడి ఒక్కడి గొప్ప కాదు.

డబ్బు అసలు పిల్లల చేతికే రాని చోటూ ఉంది. అమెరికాలో చాలా బడుల్లో భోజనం డబ్బు తల్లిదండ్రులు ముందే ఖాతాలో వేస్తారు. అక్కడి తెలుగు పిల్లలు క్యాఫెటీరియాలో నంబరు నొక్కుతారు. అదనంగా ఐస్‌క్రీము కొంటే ఆ చిట్టా తల్లి ఫోనులోనే కనిపిస్తుంది. ఆశ పోలేదు, అబద్ధానికి చోటు పోయింది. దాంతోపాటు లెక్క కూడా పోయింది: డబ్బు తరగడం కంటికి కనిపించదు గనక, నిల్వ తక్కువైందని ఇంటికి సందేశం వచ్చేదాకా కొనుగోలు సాగుతుంది. వేసవికి వనస్థలిపురం వచ్చి, తాతయ్య రైతుబజారుకు పంపుతూ ఇచ్చిన నోటుకు చిల్లర లెక్కపెట్టడం వీళ్లలో కొందరికి కొత్త విద్య.

వనస్థలిపురం కూడా అటే నడుస్తోంది. ఫీజులు ఫోన్లలో కడుతున్నారు. కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారాలను బడిలోనూ గేటుకు 50 మీటర్లలోపూ అమ్మరాదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. అమలు సంగతి బడి విడిచే వేళ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కిరాణా కొట్టుకు మాత్రం ఇప్పుడు తల్లే ఫోన్ చేస్తుంది: ‘బాబు వస్తాడన్నా, 20 రూపాయలవే ఇవ్వు, నేను ఫోన్‌పే చేస్తా.’