ఓడిపోయే జట్టు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. చదువు గురించీ క్రమశిక్షణ గురించీ రాసే అన్నలు ఎలాగూ ఉంటారు. మేము క్రికెట్ గురించి రాస్తాం. మేమంటే ముగ్గురం. కర్నూలులో మన హాస్టల్‌లో మూడేళ్లు ఒకే గదిలో ఉండి, ఇప్పుడు కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో పి.జి. చదువుతున్నాం. మా ఇండ్లలో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు.

ఐ.పి.ఎల్. వస్తే మన టీవీ గది ఎట్లుంటుందో మీకు చెప్పక్కరలేదు. ఒక మూల చెన్నై, ఒక మూల ముంబై, కిటికీ దగ్గర బెంగుళూరు. హైదరాబాద్ వాళ్లు కూడా ఉండేవాళ్లు. 2009లో దక్కన్ ఛార్జర్స్, 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిస్తే మనదే అనుకున్నాం. కానీ 2014 నుంచి హైదరాబాద్ పక్క రాష్ట్రం. మరి మనకేముంది? రంజీలో ఆంధ్ర ఉంది అని మేమంటే గదంతా నవ్వేది. "ఆంధ్రకు టీమ్ ఉందా అన్నా?" అని ఒక ఇంటర్ పిల్లోడు నిజంగానే అడిగినాడు.

ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన కర్నూలు రాజధాని అయింది. ఆ 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీలోకి వచ్చింది. కెప్టెన్ సి.కె. నాయుడు. 1956లో రాజధాని హైదరాబాద్ పోయింది. రంజీ కప్పు పోలేదు, ఎందుకంటే అది ఎన్నడూ రాలేదు. ఈ జోకు మా గదిలో పుట్టిందే.

2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్. మన కెప్టెన్ హనుమ విహారికి బంతి తగిలి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి బ్యాట్స్‌మన్ మళ్లీ వచ్చి, ఎడమచేతి వాటంగా నిలబడి ఆడినాడు. రెండు ఇన్నింగ్స్‌లోనూ అట్లే ఆడినాడు. అయినా ఓడిపోయాం. మరుసటి ఏడు, 2024 ఫిబ్రవరిలో, మళ్లీ ఇండోర్, మళ్లీ మధ్యప్రదేశ్, మళ్లీ క్వార్టర్ ఫైనల్. గెలవడానికి 170 కావాల. చివరి రోజు సోమవారం. క్లాసు ఎగ్గొట్టి మెట్ల మీద కూర్చొని ఒకే ఫోన్‌లో ముగ్గురం స్కోరు చూసినాం. 165కు ఆలౌట్. నాలుగు పరుగులు! ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద ఎక్కువ పరుగులు, 902, చేసింది మన రికీ భుయ్. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాల?

అప్పుడే మా నాయన ఫోన్ చేసినాడు. కోసిగి పక్క పల్లె నుంచి మిరప కోతలకు గుంటూరు పోయుండె. "గొంతు అట్లుందేం బిడ్డా, జ్వరమా?" అన్నాడు. ఎండలో కాయ కోసే మనిషికి, నాలుగు పరుగులతో ఓడిపోయినామని చెప్పడానికి నోరు రాలేదు. "ఏం లేదు నాయనా, దుమ్ము" అన్నాం.

ఇక అసలు చెప్పాలనుకున్నది. 2025 నవంబర్ 2. మహిళల ప్రపంచకప్ ఫైనల్, నవీ ముంబై. వానకు ఆలస్యమై అర్ధరాత్రి దాకా సాగింది. దక్షిణాఫ్రికాపై 52 పరుగులతో గెలిచాం. మన ఆడపిల్లలు వన్డే ప్రపంచకప్పు గెలవడం అదే తొలిసారి. ఆ జట్టులో శ్రీచరణి ఉంది. కడప జిల్లా, వీరపునాయునిపల్లె మండలం. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. అంతకు ముందు జూన్‌లో ఇంగ్లండ్‌లో, ఆడిన తొలి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది.

ఆ రాత్రి కడపలో మేమూ గంతులేసినాం. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆంధ్రను ఎవరూ చూడరని మూడేళ్లు అందరితో కొట్లాడిన మేము, అదే ఆంధ్ర ఆడపిల్లల జట్టు స్కోరు ఒక్కనాడైనా చూసినామా? "ఆంధ్రకు టీమ్ ఉందా?" అన్న ఆ ఇంటర్ పిల్లోనికీ మాకూ తేడా ఏమిటి?

అంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది. మా చెల్లెలు ఏడో తరగతిలో ఉన్నప్పుడు చెరువు కట్ట కింద మాతో ఆడతానని వచ్చేది. బాగా విసిరేది కూడా. "పోయి నీళ్లు తేపో" అని మేమే తరిమినాం. ఎవరో పెద్దవాళ్లు కాదు, మేమే. ఇప్పుడది పదో తరగతి. పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, రాత్రి చూసినావా? నేను టీచరమ్మ ఫోన్‌లో చూసినా" అంది. ఇంకేమీ అడగలేదు.

ఆ ఆదివారం ఏడురోడ్ల దగ్గర ఒక అంగట్లో కార్క్ బంతి కొన్నాం. రెండు మూడు చేతిలో తిప్పి చూస్తుంటే అంగడాయన అడిగినాడు.

"యా టీమప్పా మీది?"

"మాక్కాదన్నా, మా చెల్లెలికి" అన్నాం.

ఆయన ఆ బంతి తీసుకొని లోపల పెట్టి, కుట్టు బాగున్నది ఇంకొకటి వెతికి ఇచ్చినాడు.