బాబ్లీలో సముద్రం

వేసవి సెలవులకు ఎక్కడికి ప్రయాణమని అడిగినవారికి బాబ్లీ అని చెబితే అందరూ నవ్వినవారే. మే నెలలో మరాఠ్వాడాకు ఎవరైనా పోతారా అన్నారు. అక్కగారి ఊరికి ఎండ చూసుకుని వెళ్ళే ఆచారం మాకు లేదు. 2024 మే నెలలో పిల్లలతో సహా దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ధర్మాబాద్‌లో దిగాము.

ధర్మాబాద్ మిర్చి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. స్టేషను దాటగానే ముక్కు ఆ సంగతి చెబుతుంది. బాబ్లీ ఆ తాలూకాలోనిదే, నాందేడ్ జిల్లా; గోదావరి ఒడ్డున ఉన్నది. 1956 వరకు ఈ ప్రాంతమంతా హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ యేడు బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. గీతలు మారాయి గాని మాటలు మారలేదు. మా బావగారింట్లో వంటింట తెలుగు, వాకిట మరాఠీ. బాసర సరస్వతమ్మ దర్శనానికి పోవాలంటే ధర్మాబాద్ తరువాతి స్టేషన్లలోనిదే.

గుమ్మంలో కాళ్ళు కడుక్కోకముందే మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "మామా, తెచ్చినవా?" అని మొదటి మాట. లేదని చెప్పేసరికి వాడి ముఖం చిన్నబోయింది. మంచినీళ్ళ చెంబు మా చేతికిచ్చి లోపలికి పోయాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా మాతో మాట్లాడలేదు.

విషయమేమంటే, వాడు చిన్నప్పుడు ముంబయి వచ్చినప్పుడు తారాపోర్‌వాలా మత్స్యాలయం చూపించాము. 1951లో మెరైన్ డ్రైవ్‌లో తెరిచినదది. అక్కడ చూసిన సముద్రపు చేపలు వాడి మనసులో ఉండిపోయాయి. కాలేజీకి వచ్చిన తరువాత, బావగారు జీపు అమ్మివేయగా ఖాళీపడ్డ రేకుల షెడ్డులో ఒక గాజుతొట్టి పెట్టాడు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు; 190 లీటర్లు పడుతుంది. దీపాలు, పంపు, సముద్రపు ఉప్పు అన్నీ కొన్నాడు. మా అక్క కమ్మలు చేయించుకుందామని దాచుకున్న డబ్బంతా అందులోకే పోయింది. ఇక కావలసినది పగడం మొక్క ఒకటి. ముంబయిలో దొరుకుతుందట, తెమ్మని ఫోనులో అడిగాడు. సరేనన్నాము. ఆ తప్పు మాది.

తెలిసి అన్నమాట కాదది. ఒక దుకాణంలో అడిగితే, చూపిస్తాము గాని బిల్లు ఇవ్వము అన్నారు. ఇరవై యేళ్ళుగా ఆఫీసులో ఓచర్లతో కాలక్షేపం చేసినవాళ్ళం. బిల్లు లేని సరుకంటే మాకు గుండె దడ. విచారించగా తేలినదేమంటే, మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలను 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. సముద్రంలోనుంచి తీయడమూ, అమ్మడమూ, కొనడమూ నేరమే. అందుచేత పగడానికి బదులు ఒక మంచి ఉష్ణమాపకం కొని సంచీలో వేసుకున్నాము.

సాయంత్రం దాకా ఆగి, "పద, నీ సముద్రం చూపించు" అన్నాము. వాడు అయిష్టంగానే తీసుకుపోయాడు. షెడ్డులో అడుగుపెడితే ఇటుకబట్టీలో పెట్టినట్టున్నది. బయట 43 డిగ్రీలు. తొట్టి నీళ్ళు 34. అందులో చేపలేవీ లేవు. మార్చిలో రెండు తెచ్చాడట, ఏప్రిల్ దాటలేదట. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "అమ్మకు చెప్పకు మామా" అన్నాడు. వాడి కోపమంతా మా మీద కాదని అప్పుడు అర్థమైంది.

పగడం మొక్క అంటాము గాని అది మొక్క కాదు, జంతువు. గుండుసూది తలంత ప్రాణులు వేలకొద్దీ ఒకచోట చేరి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముండి, ఎండతో వంట చేసి తిండి పెడుతుంది. రంగూ చాలామటుకు దానిదే. 23 మొదలు 29 డిగ్రీల వరకు ఈ కాపురం చక్కగా సాగుతుంది. అలవాటైన వేసవి వేడికన్న ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందా, పగడం ఆ నాచును బయటికి నెట్టివేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. సముద్రంలోనే ఇలా జరుగుతున్నది. మేము వెళ్ళడానికి ముందటి నెలలోనే, 2024 ఏప్రిల్‌లో, ప్రపంచమంతటా పగడాలు తెల్లబారుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు, ఇది నాలుగోసారి. మన లక్షదీవుల పగడాలకూ ఆ తెలుపు తప్పలేదు. అంత సముద్రమే చల్లార్చుకోలేని వేడిని రేకుల కింది తొట్టి ఏం చల్లారుస్తుంది?

"ఫ్యాను పెట్టిన మామా, మూడు డిగ్రీలు తగ్గింది" అన్నాడు. నిజమే. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే అది. ఒక లీటరు నీరు ఆవిరైతే, బయటి వేడి తగలకుండా ఉంటే, ఆ తొట్టెడు నీళ్ళు మూడు డిగ్రీలు చల్లబడతాయి. కాని రేకు రోజంతా వేడి పోస్తూనే ఉంటుంది. పైగా నీరు పోతుంది, ఉప్పు పోదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండాలి; రోజుకు అయిదు లీటర్లు ఇగిరి, వారం రోజులు నింపకపోతే 43 గ్రాములకు చేరుతుంది. నింపవలసింది మంచినీళ్ళతోనే గాని ఉప్పునీళ్ళతో కాదు. వీడు పాపం ఉప్పునీళ్ళే కలిపి పోసేవాడు. దానికితోడు నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది. చేపలు చచ్చిన కారణం ఇద్దరం కలిసి కాగితం మీద లెక్క వేసి తెలుసుకున్నాము. చల్లబరిచే యంత్రం కొంటే ఆ వేడినంతా తెచ్చి షెడ్డులోనే కుమ్మరిస్తుంది.

మరునాడు పొద్దున్నే నదికి వెళ్ళాము. బాబ్లీ పేరు పత్రికల్లో పడినది ఇక్కడి ఆనకట్ట మూలానే. శ్రీరామసాగరం నీరు నిలిచే మేరలో దీన్ని కట్టడంతో రెండు రాష్ట్రాలకూ తగవు వచ్చింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2.74 టీఎంసీల వరకు నిలువ చేసుకోవచ్చు. జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. మేము చూసినప్పుడు నీళ్ళు అడుగుకు దిగిపోయి, తడి ఇసుక మీద కొంగలు తిరుగుతున్నాయి. "ఈ ఎండకు ఇదీ ఇగుర్తది గద మామా, తొట్టి లెక్కనే" అన్నాడు వాడు. తీర్పు రాసినవారు గేట్లకు తేదీలు వేయగలిగారు గాని ఎండకు వేయలేకపోయారు.

ఇంటికి వచ్చాక వాడే తల్లి దగ్గర కూర్చుని చేపల సంగతీ, డబ్బు సంగతీ చెప్పేశాడు. మేము నోరెత్తలేదు. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "కమ్మలకేమిరా, ఇంకో పంటకు చేయించుకుంట. అబద్ధమాడితివి, అదే బాధ" అన్నది. తాళిలోని పగడాలను వేళ్ళతో తిప్పుతూ, "ఇదీ నేరమేనా తమ్ముడూ?" అని అడిగింది. కాదని చెప్పాము. నగల్లోని ఎర్రపగడం వేరే జాతి, దిబ్బలు కట్టదు. మధ్యధరా సముద్రంలో లోతున పెరుగుతుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గరి టోరె డెల్ గ్రెకో అనే ఊరు దాన్ని చెక్కే పనికి ప్రసిద్ధి.

ఆ మధ్యాహ్నమే తొట్టి ఖాళీ చేసి, నలుగురం మోసి పాత ఇంటి నడిమింట్లో పెట్టాము. మట్టిగోడలు రెండడుగుల మందం. బయట 43 ఉన్నా అక్కడ నీళ్ళు 29 దాటలేదు. ఉప్పు కడిగి, మంచినీళ్ళు పోసి, ధర్మాబాద్‌నుంచి గప్పీలు తెచ్చి వదిలాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఉష్ణమాపకం చూసి నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు.

బండి ఎక్కించడానికి స్టేషనుకు వచ్చి, "పగడాలు బతికున్నవి ఎక్కడ చూడొచ్చు మామా?" అన్నాడు. మన్నారు సింధుశాఖలోని 21 దీవులను 1986లో జాతీయ సముద్ర వనంగా ప్రకటించారని చెప్పాము. ఈసారి తెస్తామని మాట ఇవ్వలేదు, తీసుకుపోతామని ఇచ్చాము. ఖర్చు లెక్క ఇంకా వేయలేదు గాని, ఈ మాటకు బిల్లు అడిగేవారెవరూ ఉండరు, తీర్చవలసింది మేమే.