శ్రుతి అందాలి

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకాలకు కీబోర్డు వాయించడం నా బతుకుదెరువు. నవమి పందిళ్లు, తేర్లు, ఉరుసులు వచ్చాయంటే తుగ్గలి, దేవనకొండ, మద్దికెర, ఆస్పరి, ఎటు పిలిస్తే అటు పోవాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కీబోర్డు కొనగానే అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని వాట్ల బాక్సు తీసుకోమంటావ్?" వాట్ల సంగతి తర్వాత. ఆ స్పీకరు బాక్సు ఎవరికి వినపడాలో ముందు తేల్చుకోమంటాను.

హార్మోనియం ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. 1880లలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో నాటకాలాడించిన నాటి నుంచీ మా సీమ నాటకానికి పద్యమే ప్రాణం. పద్యం పాడే నటుడికి రెండడుగుల దూరంలో హార్మోనియం పెట్టె ఉండేది. అది పలికిన చోటే వినపడేది, అతను అక్కడే శ్రుతి అందుకునేవాడు. కీబోర్డు వచ్చాక సౌకర్యం పెరిగింది. హరిశ్చంద్రుడికి ఒక శ్రుతి, చంద్రమతికి ఇంకో శ్రుతి కావాలంటే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే చాలు. కానీ ధ్వని నా దగ్గర పుట్టడం మానేసింది. వైరులో పోయి మైకు సెట్టులో పడి, పందిరి చివర కట్టిన గొట్టాల్లోంచి వస్తుంది. గొట్టాలేమో జనం వైపు తిరిగి ఉంటాయి, నటుడు వాటి వెనకాల ఉంటాడు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గొట్టం 17 మీటర్ల దూరాన ఉంటే నేను మెట్టు నొక్కిన సెకనులో ఇరవయ్యో వంతుకు గానీ స్వరం తిరిగి మా చెవిన పడదు. కూర్చుని వినేవాళ్లకు అది లెక్కలోది కాదు. రాగం తీసే గొంతుకు మాత్రం తేడా తెలిసిపోతుంది.

కాటిసీను చూడండి. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో జాషువా పద్యాలు పాడే ఘట్టం. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకుని తారస్థాయి షడ్జమం మీద నిలుస్తాడు. జనంలోంచి ఈలలు, "వన్స్ మోర్" కేకలు. సరిగ్గా అప్పుడు అతని ఎడమ చెవి నా వైపు తిరుగుతుంది. ముఖం జనం మీదే ఉంటుంది, చెవి మాత్రం శ్రుతి వెతుక్కుంటుంది. అందిందా, గొంతు నిలబడుతుంది. అందలేదా, కేకల ఊపులో పావు స్వరం పైకి జరిగిపోతుంది. "మాస్టారూ, శ్రుతి ఇనపల్లేదు" అని తెర పడ్డాక చెబితే ఏం లాభం? అందుకే నా పక్కన బాక్సు పెట్టుకుంటాను. అది నాకూ, ఆ నటుడికీ. జనం సంగతి మైకు సెట్టు చూసుకుంటుంది.

ఈ మాట ఒప్పుకుంటే కొనే లెక్కే మారిపోతుంది. 30 వాట్ల బాక్సు తీసేసి 60 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. వినేవాడికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అదే బాక్సును నటుడికి రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు జరిపితే, ఆరుబయట దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతాయి. నాలుగింతల వాట్లు కొన్నంత పని పైసా ఖర్చు లేకుండా అవుతుంది. నేను బాక్సును నేల మీద పెట్టను. ఇనుప కుర్చీ మీద పెట్టి, కొంచెం వెనక్కి వాల్చి, నటుడి తలకు గురి చూస్తాను. నేల మీద పెడితే ధ్వనంతా మోకాళ్లకు తగులుతుంది.

తక్కువలో వస్తుందని గిటార్ ఆంప్లిఫయర్ కొనేవాళ్లున్నారు. వద్దు. గిటార్ స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది, పైగా ధ్వనికి తన రంగు పూస్తుంది. గిటారుకు అదే అందం. కీబోర్డులో వేణువు, వయొలిన్, హార్మోనియం అన్నీ పలకాలి కాబట్టి బేసుకో స్పీకరు, పై స్వరాలకు విడిగా ట్వీటరు ఉండాలి. చాలామంది వాడే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కీబోర్డుకు అసలు సొంత స్పీకర్లే లేవు. నాలుగు కిలోల బరువని సంబరంగా భుజానేసుకుంటాం గానీ, బాక్సు లేకపోతే అది మూగదే. అదే కంపెనీ కేసీ-220 లాంటివి ఈ పని కోసమే చేసినవి: రెండు స్పీకర్లు, 30 వాట్లు, కరెంటు పోతే ఎనిమిది పెన్సిల్ సెల్లులతోనూ నడుస్తుంది. కీబోర్డుకూ బ్యాటరీ దన్ను ఉంటే, పల్లెలో జనరేటరు ఆగి మళ్లీ అందుకునే లోపల రాగం తెగకపోవడం చిన్న విషయం కాదు.

వెనక వైపు లైన్ అవుట్ ఉందో లేదో తప్పక చూడండి. బాక్సు నుంచి మైకు సెట్టు మిక్సర్‌కు వైరు పోవాలి. కొన్నిటిలో బాక్సు వాల్యూమ్ పెంచితే లైన్ అవుట్ కూడా పెరుగుతుంది, అది మనకు పనికిరాదు. నటుడు శ్రుతి పెంచమంటే నా దగ్గర మాత్రమే పెరగాలి, గొట్టాలు కదలకూడదు. కలిపిన వెంటనే గుంయ్ మని హమ్మింగ్ వస్తుంటే అది చాలాసార్లు ఎర్త్ తగాదా. బాక్సుకు గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉంటే సిగ్నల్ వైరు దారిలో ఆ తగాదా తీరుతుంది. హమ్మింగ్ పోవాలని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేవాళ్లను చూశాను. తడి నేల మీద ఇనుప కుర్చీల మధ్య ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది, ఎవరూ చేయొద్దు.

బాక్సు కొనడానికి కర్నూలు పోయినా, బళ్లారి పోయినా మీ కీబోర్డు మీరే మోసుకుపోండి. షాపులోని కీబోర్డుతో విని కొంటే మీకు తెలిసేది ఆ కీబోర్డు సంగతే. హార్మోనియం టోన్ పెట్టి మధ్యస్థాయి షడ్జమం, పంచమం నొక్కి పట్టుకోండి. వాల్యూమ్ ముప్పాతికకు పెంచినప్పుడు స్వరం పగిలితే ఆ బాక్సు వదిలేయండి. మీ పార్టీలో పద్యం పాడే ఆయన్ను కూడా వెంటబెట్టుకుపోండి. బాక్సుకు రెండడుగుల పక్కన నిలబెట్టి, షాపులో ఎంతమంది ఉన్నా సరే, రాగంతో సహా ఒక పద్యం పాడించండి. ధర మాట్లాడేది ఆయన తల ఊపాకే.