దీవిలో దొరికిన దుప్పి పుర్రె

తెలుగులో కొమ్ము అన్న ఒక్క మాటే ఆవుకూ, కృష్ణజింకకూ, దుప్పికీ సరిపోతుంది. ప్రకృతిలో మాత్రం వాటికి పొత్తు లేదు. ఆవు కొమ్మూ, కృష్ణజింక కొమ్మూ లోపలి ఎముకను కప్పిన గోరువంటి తొడుగులు, బతికినంతకాలం ఉంటాయి. దుప్పి కొమ్ము అచ్చంగా ఎముకే. మఖమలు వంటి లేత చర్మం కింద పెరిగి, గట్టిపడి, ఆ చర్మం ఊడిపోగా మెరుగెక్కి, కొన్ని నెలలకు తానే రాలిపోతుంది, మళ్ళీ మొలుస్తుంది. కాబట్టి అడవిలో దొరికిన దుప్పి పుర్రెకు కొమ్ములు అంటిపెట్టుకొని ఉన్నాయంటే, అది కొమ్ము రాల్చే అదను రాకమునుపే చనిపోయిన మగదుప్పి అన్నమాట. శుభ్రం చేయడానికి పూనుకొనేవాడు ఈ భేదాన్ని మనసులో ఉంచుకోవాలి. తొడుగుకు చేసే సేవ వేరు, ఎముకకు చేసే సేవ వేరు.

అండమాన్ దీవులలో అటువంటి పుర్రె కంటబడినప్పుడు మరొక ప్రశ్న కూడా పుడుతుంది. ఈ జంతువు ఇక్కడికెలా వచ్చింది? చుక్కల దుప్పి ఈ దీవుల సొంత ప్రాణి కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆంగ్లేయ అధికారులు వేట వినోదం కోసం ప్రధానభూమి నుండి తెప్పించి వదిలారు. పులి లేదు, చిరుత లేదు, అడవికుక్క లేదు. మంద పెరిగింది. సముద్రపు పాయలను ఈదుకుంటూ దీవి నుండి దీవికి పాకింది. 1950ల తొలినాళ్ళలో దుప్పుల సంఖ్యను అదుపు చేయడానికి రెండు చిరుతలను విడిచిపెట్టారు. రెండూ ఆడవే కావడంతో ఆ ప్రయత్నం అక్కడితో ముగిసింది. ప్రభుత్వ దస్త్రాలలో నవ్వు పుట్టించే పుటలు అరుదు; ఇది వాటిలో ఒకటి. ఫలితం మాత్రం నవ్వదగినది కాదు. దుప్పులు లేత మొక్కలను మేసివేయడం వల్ల అడవి కింది పొర పలచబడుతున్నదనీ, ఆ పొదలను ఆశ్రయించిన బల్లి జాతులు తగ్గుతున్నాయనీ 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

విశాఖపట్నంలో ఓడ ఎక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దుప్పి కొత్తది కాదు. నల్లమలలోనో, శేషాచలంలోనో చూసిన జంతువే. తెలంగాణ తన రాష్ట్రజంతువుగా ఎంచుకొన్నదీ దీనినే. 2018 చివర నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపంగా పేరు మారిన రాస్ ద్వీపంలో, శిథిలమైన దొరల బంగళాల మధ్య మనుషులకు జంకకుండా తిరిగే దుప్పులను చూసి, మన ఊరి జంతువు కనిపించిందని సంబరపడేవారు ఎందరో. ఆ సంబరంలో తప్పు లేదు. కాని ఈ దీవి అడవికి అది చుట్టం కాదు.

పుర్రె దొరికినవాడు మొదట చేయవలసిన పని నీళ్ళతోనో సబ్బుతోనో కాదు, కాగితంతో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చి పడిన అడవిజంతువు పుర్రె, కొమ్ములు ప్రభుత్వ సొత్తు. చేతికి వచ్చిన 48 గంటలలో సమీప పోలీసు ఠాణాకో, అధికారం పొందిన అటవీ అధికారికో తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. దుప్పి పరదేశి కదా అన్న వాదం ఇక్కడ చెల్లదు. అందుచేత శుభ్రం చేసే పని ఇంటి పెరట్లో కాక ప్రదర్శనశాల బల్లమీదనో, కళాశాల ప్రయోగశాలలోనో జరగవలసినది.

ఆ పనికి ఓపికే పెట్టుబడి. ఎముకను మరిగించడం తొందరపాటు. వేడికి సన్నని ఎముకలు చిట్లుతాయి, లోపలి కొవ్వు మరింత లోతుకు ఇంకుతుంది. చల్లని మంచినీటిలో మునిగేట్లు ఉంచితే సూక్ష్మజీవులే మిగిలిన మాంసాన్ని తినివేస్తాయి. దీవుల వెచ్చదనంలో ఈ పని త్వరగానే సాగుతుంది. వాసన భరించడం వేరే సంగతి. కొమ్ములను మాత్రం నీటిలో ముంచకూడదు. పుర్రెను బోర్లించి, అవి నీటిపైన ఉండేట్లు కట్టాలి. నీరు మార్చేటప్పుడు జల్లెడలోనుండి వంపాలి. వదులైన పళ్ళు జారిపోతాయి. దుప్పికి పైదవడ ముందుభాగంలో పళ్ళే ఉండవు, కిందిదవడలో ఎనిమిది ఉంటాయి. నానిన తరువాత కిందిదవడ రెండు ముక్కలుగా విడిపోతుంది. అది విరగడం కాదు, దాని నిర్మాణమే అంత.

సముద్రపు ఒడ్డున దొరికిన పుర్రెకు మరొక జాగ్రత్త కావాలి. ఎముకలో చేరిన ఉప్పు ఆరేటప్పుడు స్ఫటికాలై ఎముకను లోపలినుండి పగలగొడుతుంది. కాబట్టి మంచినీరు మళ్ళీమళ్ళీ మార్చి ఆ ఉప్పును లాగివేయాలి. ఆపైన గోరువెచ్చని సబ్బునీటిలో నానబెడితే కొవ్వు వదులుతుంది. ఆరబెట్టడం నీడలోనే. తెల్లబరచవలసివస్తే పలుచని హైడ్రోజన్ పెరాక్సైడు చాలు. బ్లీచింగ్ పౌడరు వాడినవాడు ఆ రోజు సంతోషిస్తాడు గాని, ఎముక తరువాత పిండిపిండిగా రాలుతుంది.

ఆ పెరాక్సైడు కొమ్ములకు తగలనీయకూడదు. కొమ్ము మీది గోధుమరంగు, ఎండిన రక్తమూ, దుప్పి కొమ్ములు రాపాడించిన చెట్ల పసరూ కలిసి ఏర్పడినది. ఆ దుప్పి పూర్వులు ఓడలో వచ్చినవారే కావచ్చు. ఆ రంగు మాత్రం ఈ దీవి చెట్లు పెట్టినది. ఒకసారి పోతే అది వార్నీషుతో తిరిగి రాదు.

పుర్రెను శుభ్రం చేసి దాచుకోవడం ఈ దీవులకు కొత్త విద్య కాదు. గ్రేట్ అండమానీలు చనిపోయినవారి ఎముకలను కొన్ని నెలలకు తవ్వి తీసి, సముద్రంలో కడిగి, ఎర్రమట్టీ తెల్లమట్టీ పూసి అలంకరించేవారు. ఆప్తులు ఆ పుర్రెను మెడలో ధరించేవారు. 1906–08 మధ్య ఇక్కడ పరిశోధన చేసి, 1922లో గ్రంథం ప్రకటించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ ఆచారాన్ని వివరించాడు. వేటలో చిక్కిన అడవిపంది పుర్రెలను గుడిసెలో భద్రపరచడం ఒంగీలలో, జారవాలలో కనిపించింది. జారవాలు వాటికి బెత్తపు అల్లిక కూడా చుట్టేవారు. దుప్పిని మాత్రం జారవాలు వేటాడలేదనీ, తినలేదనీ మానవశాస్త్రజ్ఞుల రాతలు. వారి అడవిలో తిరిగినా ఆ జంతువుకు వారి గుడిసెలో చోటు దొరకలేదు.

మరమ్మతు అనే మాట దగ్గర చాలామంది దారి తప్పుతారు. విరిగిన కొమ్ము కొనను ప్లాస్టరుతో తీర్చి, రంగు వేసి, నల్లచెక్క మీద బిగిస్తే అది దొరల నాటి గోడ అలంకారమవుతుంది. దీవి చరిత్రకు దానితో పని లేదు. ఎలుకలు కొరికిన గాట్లు, అరిగిన దవడపళ్ళు, పాచి మరకలు ఎంత కాలం బతికిందో, ఎంత కాలం నేలమీద పడి ఉన్నదో చెప్పే ఆధారాలు, వాటిని పూడ్చకూడదు. ఊడిన పంటిని తిరిగి నిలపడానికి అసిటోనులో కరిగే ఆక్రిలిక్ జిగురు మేలు. కావాలంటే మళ్ళీ విడదీయవచ్చు. వడ్రంగి వాడే తెల్లజిగురు ఈ తేమలో పట్టు సడలిస్తుంది. దొరికిన దీవి, చోటు, తేదీ రాసిన చీటీ పుర్రెకు కట్టాలి. చీటీ లేని పుర్రె ఎంత తెల్లగా మెరిసినా పరిశోధకుడికి పనికిరాదు. ఆ చీటీ పెన్సిలుతో రాయాలి. వానాకాలపు తేమకు సిరా అలుక్కుపోతుంది.